నేర్చుకున్న గంటలకు క్లయింట్ దగ్గర డబ్బులు తీసుకోవాలా? బిల్లు రాయకముందే తేల్చుకోవడం ఎలా

ఫ్రీలాన్సింగ్ మొదలుపెట్టిన కొత్తలో ఒక వెబ్‌సైట్ పనికి 22 గంటల బిల్లు పంపాను. అందులో ఒక వరుస ఇలా ఉంది: 'డాక్యుమెంటేషన్ చదవడం, 9 గంటలు'. క్లయింట్ ఫోన్ చేశారు. కోప్పడలేదు, బేరమాడలేదు. "ఇది మీకు వచ్చనే కదండీ మీకిచ్చాం?" అన్నారంతే. నాకు జవాబు తోచలేదు. ఆ 9 గంటలూ కొట్టేసి బిల్లు మళ్లీ పంపాను.

చాలా రోజుల తర్వాత నా టైమర్ లెక్కలు తీసి చూసుకుంటే అసలు సంగతి తెలిసింది. ఆ తొమ్మిదిలో 5 గంటలు వాళ్ల ఆఫీసులో ఎవరో ఎప్పుడో రాయించుకున్న పాత సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికే పోయాయి. వాటికి నేను ధైర్యంగా డబ్బు అడగొచ్చు. మిగతా 4 గంటలు నాకు ముందే వచ్చి ఉండాల్సిన విషయానికి పోయాయి. అవి అడగకూడదు. రెండూ కలిపి ఒకే వరుసలో రాసినందుకు మొత్తం పోగొట్టుకున్నాను.

ఈ విషయం ఎత్తితే ఫ్రీలాన్సర్లు రెండు జట్లవుతారు. 'నా సమయం నా సమయమే, ప్రతి నిమిషానికీ లెక్క కట్టాల్సిందే' అనేది ఒక జట్టు. 'నేర్చుకోవడం మన బాధ్యత, దానికి డబ్బు అడగడమేంటి' అనేది ఇంకో జట్టు. నన్నడిగితే రెండు జట్లూ అడగాల్సిన ప్రశ్న అడగట్లేదు. పని అయిపోయాక ఆ తెలివి ఎవరికి పనికొస్తుంది? అదీ ప్రశ్న. ఈ క్లయింట్‌కు తప్ప ఇంకెక్కడా పనికిరాని సంగతి తెలుసుకోవడానికి పోయిన గంటలు క్లయింట్‌వి. రేపు ఇంకో పదిమంది దగ్గర మీకు డబ్బు తెచ్చిపెట్టేది నేర్చుకున్న గంటలు మీవి. మధ్యలో ఉన్నవే తగువు తెచ్చేవి. వాటి కోసమే ఈ పద్ధతంతా.

మొదటి పని: కొటేషన్ ఇవ్వకముందే తెలియనివన్నీ కాగితం మీద పెట్టండి

పని వివరాలు రాగానే ఒక అరగంట కూర్చుని, ఈ పనిలో మీకు తెలియనివేమిటో రాసుకోండి. ఊరికే 'కొంచెం రీసెర్చ్ ఉంటుంది' అని రాసుకుంటే లాభం లేదు. 'ఈ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలర్ కరెక్షన్ నేనెప్పుడూ చేయలేదు', 'వీళ్ల ఉత్పత్తుల పేర్లకు వీళ్లే వాడే అనువాదాలు ఉన్నాయట, అవి నాకు తెలియవు' అన్నంత వివరంగా ఉండాలి.

తర్వాత వాటిని మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్పలోవి మీ వృత్తిలో ఉన్నవాళ్లకు వచ్చి ఉండాల్సినవి. వెబ్ డెవలపర్ అని చెప్పుకున్నాక ఫోన్ స్క్రీన్ మీద పేజీ సరిగ్గా కనపడేలా చేయడం రాదంటే కుదరదు. అనువాదకుడికి రెండు భాషల వ్యాకరణమూ రావాలి. అకౌంట్లు రాసేవాళ్లకు స్ప్రెడ్‌షీట్ సూత్రాలు రావాలి. ఈ కుప్పలో ఏదైనా ఉంటే రాత్రి కూర్చుని నేర్చుకోండి, బిల్లులో దాని ఊసే వద్దు.

రెండో కుప్పలోవి ఈ క్లయింట్‌వే అయిన సంగతులు. వాళ్ల పాత కోడ్, సొంత సాఫ్ట్‌వేర్, పదాల పట్టిక, బ్రాండ్ నియమాలు, ఫైళ్లకు పేర్లు పెట్టే తీరు, ఏ మేనేజర్ ఏది ఓకే చేయాలన్న తతంగం, అది వివరించడానికి పెట్టే మీటింగులు. దీన్ని నేర్చుకోవడం అనడమే తప్పు. ఇది పనిలో భాగం. ఎంత అనుభవం ఉన్నవాళ్లు వచ్చినా ఈ గంటలు పెట్టక తప్పదు కాబట్టి పూర్తి రేటు అడగండి, మొహమాటపడకండి. ఇక్కడ మొహమాటపడి నష్టపోయేవాళ్లే ఎక్కువని నా అనుమానం. 200 పేజీల మాన్యువల్ చదవమని పంపిస్తారు, మనం అది 'ప్రిపరేషన్' అనుకుని ఊరికే చదివేస్తాం.

మూడో కుప్ప మధ్య రకం. టూల్ కొత్తది, కానీ ఈ ఒక్క క్లయింట్‌దే కాదు, బయట కూడా వాడతారు. అది మీకు రాదు. ఈ పని కోసం నేర్చుకుంటారు, తర్వాత మీకూ పనికిరావచ్చు, పనికిరాకపోవచ్చు. తర్వాతి మెట్లన్నీ దీని గురించే.

రెండో పని: వచ్చని చెప్పారా, లేదా?

ఇది చిన్న మెట్టే, కానీ దాటేయడానికి లేదు. ప్రొఫైల్‌లోనో, మొదటి మాటల్లోనో ఆ టూల్ వచ్చని చెప్పి ఉంటే తర్వాత దాన్ని నేర్చుకున్న ఒక్క గంటకు కూడా డబ్బు అడిగే హక్కు లేదు. 'దాదాపు వచ్చు' అన్నా అంతే. అవతలివాళ్లు దాన్ని 'వచ్చు' అనే వింటారు.

దీనికి తిరగబడిన సందర్భం ఒకటుంది. మీరు ఒక టూల్‌తో చేస్తానంటే, క్లయింటే 'కాదు, మాకు ఫలానాదాంట్లోనే కావాలి' అంటారు. అది మీకు రాదని తెలిసీ, మీ పనితనం చూసి మీకే ఇస్తామంటారు. అప్పుడు ఎంపిక వాళ్లది. నేర్చుకునే సమయంలో కొంత భాగం వాళ్లు భరించడం న్యాయమే. ఎంత భాగమో ముందే మాట్లాడుకోండి.

మూడో పని: పని వచ్చినవాళ్లకు ఎన్ని గంటలు పడుతుందో లెక్కేయండి

నిజాయితీగా ముందే చెప్పేశాను కదా, ఇక ఎన్ని గంటలు పడితే అన్ని గంటలకూ బిల్లు వేయొచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే చిక్కు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1996లో ఇచ్చిన ఒక తీర్పు ఈ సందర్భంలో చెప్పుకోదగ్గది. సివిల్ కేసుల్లో బాగా అనుభవమున్న ఒక లాయర్, తాగి కారు నడిపిన కేసు ఒకటి తీసుకున్నాడు. అలాంటి కేసు ఎప్పుడూ చేయలేదని ముందే చెప్పాడు. గంటల లెక్కన ఫీజు అని ఒప్పుకున్నారు. కేసు గెలిచాడు కూడా. తర్వాత తనూ తన ఆఫీసువాళ్లూ కలిసి పెట్టిన 227 గంటలకు 50 వేల డాలర్లకు పైగా బిల్లు పంపాడు. ఆ గంటలు నిజంగా పనిచేసినవేనని అందరూ ఒప్పుకున్నారు. అయినా ఆ ఫీజు మితిమీరినదని తేల్చి, న్యాయస్థానం అతన్ని బహిరంగంగా మందలించింది. అనుభవమున్నవాళ్లు మామూలుగా చేసేసే పని మీద లాయర్ గంటలకు గంటలు పెడితే, ఆయన చదువు ఖర్చు క్లయింట్ భరించనక్కర్లేదన్నది దాని సారాంశం.

లాయర్లకు ఉన్నలాంటి నియమావళి డిజైనర్లకూ, డెవలపర్లకూ లేదు. కానీ ఆ కొలత మనకూ పనికొస్తుంది. చెప్పారా లేదా, గంటలు నిజమా కాదా అన్నవే కాదు. పని వచ్చినవాళ్లకు ఎంత పట్టేది?

కాబట్టి ఆ టూల్ వాడే తోటివాళ్లను ఒకరిద్దరిని అడగండి. ఉదాహరణకు వాళ్లు 12 గంటల పని అన్నారనుకుందాం. మీ అంచనా 20 గంటలు. బిల్లుకు పునాది 12. పైన ఉన్న 8 గంటలు మీరు మీ మీద పెట్టుకున్న పెట్టుబడి. క్లయింటే పట్టుబట్టి ఆ టూల్ ఎంచుకున్నారు, అది మీకు మళ్లీ పనికొచ్చేలా లేదు అంటే ఆ 8లో సగమో, అంతకంటే ఎక్కువో అడగండి. మీకు ఎప్పటినుంచో నేర్చుకోవాలని ఉన్న టూల్ అయితే అడగకండి. పని దొరికిందన్న సంతోషంతో నేర్చేసుకోండి.

అడిగేవాళ్లెవరూ లేకపోతే? అయితే ఇలా చేయండి.

నాలుగో పని: డబ్బు తీసుకుని చేసే చిన్న పరిశీలన

ప్రోగ్రామర్లు దీన్ని స్పైక్ అంటారు. తెలియని దాన్ని తెలుసుకోవడానికి గడువు పెట్టుకుని చేసే చిన్న ప్రయోగం. ఈ పద్ధతి ఏ వృత్తికైనా సరిపోతుంది. పెద్ద పని ఒప్పుకోకముందు 4 గంటలో, 6 గంటలో గిరి గీసుకుని, మామూలు రేటుకే ఒక పరిశీలన చేస్తానని చెప్పాలి.

ఇందులో ఒక షరతు ఉంది, అదే దీనికి ప్రాణం. ఆ గంటలు అయ్యాక క్లయింట్ చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. ఒక పేజీ నోట్: ఏది సాధ్యం, ఏది కాదు, ఎన్ని గంటలు, ఎక్కడ ఇబ్బంది రావచ్చు. కుదిరితే పనిచేసే చిన్న నమూనా. అనువాదమైతే ఒక పేజీ అనువాదం, పదాల పట్టిక. వీడియో అయితే 20 సెకన్ల ముక్క. మీతో పని కుదరకపోయినా ఆ నోట్ ఇంకొకరికిచ్చి వాళ్లతో పని మొదలుపెట్టించుకోగలగాలి. అప్పుడు ఆ గంటలు మీరు నేర్చుకున్న గంటలు కావు, వాళ్లు కొనుక్కున్న గంటలు. మీరూ నేర్చుకున్నారనుకోండి, అది వేరే సంగతి.

గడువు అయ్యేసరికి ఏమీ తేలకపోతే ఆ మాటే నోట్‌లో రాయండి. '4 గంటలు చూశాను, ఈ దారిలో కుదరదు, కారణం ఇది' అన్నది కూడా డబ్బు విలువ చేసే సమాధానమే. పరువు కోసం ఇంకో 10 గంటలు ఊరికే తవ్వకండి.

ఐదో పని: నోరు తెరిచి చెప్పండి, రాతపూర్వకంగా

అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలని పెద్దలు ఊరికే అనలేదు. బిల్లులో మొదటిసారి కనపడిన ఏ వరుసైనా క్లయింట్‌కు మోసంలాగే అనిపిస్తుంది. అదే వరుస నెల ముందు మెయిల్లో ఉంటే అది ఒప్పందం.

'నాకు రాదంటే పని పోతుందేమో' అని భయం ఉంటుంది. కొన్నిసార్లు పోతుంది కూడా. నాకు అలా రెండు పనులు పోయాయి. కానీ చెప్పకుండా తీసుకున్న పనుల్లో పడ్డ టెన్షన్‌తో పోలిస్తే అది ఏమీ కాదు. చెప్పే తీరులో మాత్రం తేడా ఉంది. 'నాకు అది రాదండీ, నేర్చుకుంటాను' అంటే అవతలివాళ్లకు మొదటి సగమే వినపడుతుంది. ఏది వచ్చో ముందు చెప్పి, ఏది కొత్తో తర్వాత చెప్పి, దానికి మీ దగ్గరున్న ఉపాయం వెంటనే చెప్పాలి. నేను పంపే మెయిల్ దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్కారం అండీ. మీరు అడిగిన పనిలో వెబ్‌సైట్ భాగం నేను చాలాసార్లు చేసిందే. దాన్ని మీరు వాడే స్టాక్ సాఫ్ట్‌వేర్‌తో కలపడం మాత్రం నాకు కొత్త. అందుకని ముందు 4 గంటలు పరిశీలించి, ఏం కుదురుతుందో, మొత్తం ఎంత సమయం పడుతుందో ఒక పేజీలో రాసి, చిన్న నమూనాతో కలిపి ఇస్తాను. ఈ 4 గంటలకు మామూలు రేటే. అది దాటే పరిస్థితి వస్తే మిమ్మల్ని అడగకుండా ముందుకు వెళ్లను. నా వృత్తికి సంబంధించి నేను సొంతంగా చదువుకునే సమయం బిల్లులోకి రాదు."

చివరి వాక్యం తీసేయాలనిపిస్తుంది. తీసేయకండి. మిగతా గంటల్ని నమ్మించేది అదే.

గంటల లెక్క కాకుండా మొత్తానికి ఒకే ధర అయితే

అప్పుడు ఈ గొడవే లేదు. క్లయింట్ కొనేది ఫలితం, అది మీకు 10 గంటల్లో వచ్చిందా, 30 గంటల్లో వచ్చిందా అన్నది వాళ్లకు అనవసరం. నేర్చుకునే సమయం వరుసగా చూపించకండి, ధరలో కలిపేసుకోండి. తెలియని భాగం ఎక్కువగా ఉన్న పనిని పరిశీలన చేయకుండా ఒకే ధరకు ఒప్పుకోవడం మాత్రం జూదం. తెలిసిన భాగానికి ఒకే ధర, తెలియని భాగానికి గంటల లెక్క, దానికో పైహద్దు అని విడగొట్టుకోవచ్చు. నేను ఇప్పుడు ఎక్కువగా చేసేది ఇదే.

ఆరో పని: మీవైన గంటల్ని రేటులోకి ఎక్కించండి

మొదటి కుప్పకూ, మూడో కుప్పలో మీ వాటాకూ బిల్లు వేయొద్దన్నాను. అంటే ఆ గంటలు ఊరికే పోవాలని కాదు. అవి అందరు క్లయింట్ల మీదా కొంచెం కొంచెం పరుచుకోవాలి. అలా పరిచేది మీ గంట రేటు.

లెక్క చేసి చూడండి. వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 52 వారాలంటే 2,080 గంటలు. చాలామంది తమకు కావాల్సిన ఏడాది ఆదాయాన్ని ఈ 2,080తో భాగించి రేటు పెట్టేస్తారు. సెలవులు, జ్వరాలు, పనిలేని రోజులు కలిపి 6 వారాలు తీసేయండి. 46 వారాలు మిగిలాయి. వారంలో మెయిళ్లు, కొటేషన్లు, బిల్లులు, రాని డబ్బు కోసం తిరగడం, వీటికి 10 గంటలు పోతాయనుకుందాం. మిగిలింది వారానికి 30, అంటే ఏడాదికి 1,380 గంటలు. ఇప్పుడు నేర్చుకోవడానికి వారానికి 4 గంటలు తీయండి. 26 గంటలు, ఏడాదికి 1,196. మీ ఆదాయాన్ని భాగించాల్సింది ఈ అంకెతో.

1,380 నుంచి 1,196కి దిగినందుకు రేటు పెరగాల్సింది దాదాపు 15 శాతం. వారానికి 4 గంటల చదువు ఖరీదు అదన్నమాట. ఆ 15 శాతం రేటులో ఉంటే, 'నేర్చుకున్నందుకు డబ్బు రాలేదే' అన్న బాధ ఏ ఒక్క క్లయింట్ మీదా పడదు. రేటులో లేకపోతే ఎవరో ఒకరి బిల్లులోకి దొంగచాటుగా దూరుతుంది. మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క మాత్రం ఇదే.

'ఉద్యోగస్తులకు కంపెనీయే ట్రైనింగ్ ఇప్పిస్తుంది కదా, మనకెందుకు ఇవ్వరు' అని వాదించేవాళ్లుంటారు. కంపెనీ ఇప్పిస్తుంది, ఎందుకంటే ఆ మనిషి రేపూ ఎల్లుండీ అక్కడే పనిచేస్తాడు. మనం పని అయ్యాక వెళ్లిపోతాం. మన విషయంలో కంపెనీ కూడా మనమే, ట్రైనింగ్ బడ్జెట్ కూడా మనదే.

1878లో లండన్ కోర్టులో, తన చిత్రాన్ని తిట్టిన విమర్శకుడి మీద తానే వేసిన పరువు నష్టం దావాలో, చిత్రకారుడు విస్లర్‌ను, రెండు రోజుల పనికి 200 గినీలు (గినీ అంటే అప్పటి బ్రిటిష్ డబ్బు లెక్క) అడుగుతారా అని నిలదీశారు. కాదు, జీవితకాలం సంపాదించిన జ్ఞానానికి అడుగుతున్నానన్న అర్థం వచ్చేలా ఆయన జవాబిచ్చాడు. రేటు గురించి మాట్లాడేవాళ్లు ఈ జవాబును తరచూ తలుచుకుంటారు. ఆ దావా గెలిచి ఆయనకు వచ్చిన పరిహారం ఒక్క ఫార్తింగ్, అంటే పావు పెన్నీ అనీ, మరుసటి ఏడాదే దివాలా తీశాడనీ మాత్రం ఎక్కువగా చెప్పరు. జవాబు మంచిదే, దాంతోపాటు లెక్క కూడా వేసుకోవాలి.

పని జరుగుతుండగా

టైమర్‌లో మూడు పేర్లు పెట్టుకోండి: పని, క్లయింట్ వివరాలు, నా చదువు. మారినప్పుడల్లా పేరు మార్చండి. వారం తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే అన్నీ కలిసిపోతాయి, నా మొదటి బిల్లులాగా.

అనుకున్న గంటల్లో సగం అయ్యేసరికి ఒకసారి ఆగండి. సగం పని కాలేదంటే అదే రోజు మెయిల్ పెట్టండి. ఏఐ టూళ్లు వచ్చాక నేర్చుకునే సమయం తగ్గిందనిపిస్తుంది. కొంత నిజమే. కానీ అవి ఇచ్చిన జవాబు సరైనదో కాదో చూసుకోవడానికి పోయే సమయం కూడా రాసుకోండి. దాన్ని బిల్లులో ఎటు వేయాలో తేల్చేది మళ్లీ ఆ పాత ప్రశ్నే, పని వచ్చినవాళ్లకు ఎంత పట్టేది?

బిల్లు రాసేటప్పుడు

మీరేం చేశారో కాదు, క్లయింట్‌కు ఏం అందిందో రాయండి. 'డాక్యుమెంటేషన్ చదవడం' అని కాకుండా 'మీ స్టాక్ సాఫ్ట్‌వేర్ పరిశీలన, నోట్, నమూనా: 4 గంటలు' అని. ఇది మాటల గారడీ కాదు. అందించింది ఏమీ లేని గంట ఉంటే దానికి అందమైన పేరు వెతక్కండి, తీసేయండి. చదువుకున్న గంటల్ని 'డెవలప్‌మెంట్' అని రాసేయడం మాత్రం అబద్ధం, బయటపడితే మిగతా బిల్లంతా అనుమానంలో పడుతుంది.

వదిలేసిన గంటల్ని కూడా చూపించండి. ఈ అలవాటు నాకు ఆలస్యంగా అబ్బింది. పై ఉదాహరణలో ఇలా ఉంటుంది: 'మొత్తం 20 గంటలు. ఇందులో టూల్ నేర్చుకున్న 8 గంటలకు చార్జ్ లేదు. బిల్లు 12 గంటలు.' ఆ వరుస లేకపోతే మీకు మొత్తం పట్టింది 12 గంటలే అనుకుంటారు, మీరు వదులుకున్న 8 గంటల సంగతి ఎవరికీ తెలియదు. దానికి బదులు రేటే తగ్గించి 'కొత్తకదా, తక్కువకి చేస్తాను' అనకండి. తగ్గించిన రేటును మళ్లీ పైకి తేవడం చాలా కష్టం.

అయినా క్లయింట్ అడిగితే

వెంటనే తగ్గించకండి, వెంటనే వాదించకండి. ఒప్పుకున్న మెయిల్ తీసి, టైమర్ లెక్క పక్కన పెట్టి, ఆ వరుసకు వాళ్లకు అందింది ఏమిటో చూపించండి. మెయిల్లో ఉన్నదైతే నిలబడండి. "మనం అనుకున్న పరిశీలన ఇదేనండీ, నోట్ మీకు ఫలానా రోజు పంపాను" అంటే చాలాసార్లు అక్కడితో సరి. మెయిల్లో లేనిదైతే, ఆ గంటలు ఎంత న్యాయమైనవైనా, ఈసారికి వదులుకోండి. ఆ పూటే కొటేషన్ నమూనా ఫైలు తెరిచి, ఆ వాక్యం అందులో చేర్చండి.